చేతిపని చూసి ‘బాగుంది’ దగ్గరే ఆగిపోకుండా మాట్లాడటం ఎలా?

ధనుర్మాసంలో తెల్లవారుజామున వీధి ముగ్గు ముందు ఆగే ఆడవాళ్లను ఎప్పుడైనా గమనించారా? పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వెళ్తున్నావిడ తల పక్కకు వాల్చి చూసి, "15 చుక్కలా? 8 వరకా? సందు చుక్కేనా?" అని అడుగుతుంది. ముగ్గు వేసినావిడ నడుము పట్టుకుని లేస్తూ, "అవునండీ, ఆ మూల మెలిక దగ్గర రెండుసార్లు చెరిపాను" అంటుంది. ఇద్దరికీ ముందు పరిచయం ఉండాల్సిన పని లేదు. అడిగినావిడ మరునాడు ఆ ముగ్గే తన వాకిట్లో వేసుకుంటుంది.

అదే మనిషికి మేనకోడలు నెల రోజులు అల్లిన ఊలు స్వెట్టర్ తెచ్చి చూపిస్తే మాత్రం "చాలా బాగుందమ్మా" అని మడిచి పక్కన పెడుతుంది. ప్రేమ లేక కాదు. ముగ్గు దగ్గర ఏమి అడగాలో ఆమెకు తెలుసు. అల్లిక దగ్గర తెలియదు. తెలియకపోయినా అడగవచ్చునన్న సంగతి అంతకంటే తెలియదు. నేను ఇరవై ఏళ్లుగా క్రోషే అల్లుతున్నాను. నా పనికి వచ్చిన మాటల్లో నాకు గుర్తున్నవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. ‘బాగుంది’ అన్నవాళ్ల లెక్క మాత్రం నా దగ్గర లేదు.

1. నోరు ఎందుకు పెగలడం లేదో ముందు చూసుకోండి

మనకు పొగడ్త అంటే జంకు. పసిపిల్లను ముద్దుగా ఉందంటే దిష్టి తగులుతుందని పెరిగిన ఇళ్లు మనవి. ఎదుటే మెచ్చుకుంటే ముఖస్తుతి అంటారు. ఇక హస్తకళల మేళాకు వెళితే మరో జాగ్రత్త: చీర నచ్చినట్టు ముఖంలో కనిపిస్తే ధర దిగదు. అందుకని నచ్చినదాన్నే రెండు వేళ్లతో, ఏదో అయిష్టంగా ఎత్తి చూస్తాం. ఇలా ఏళ్ల తరబడి సాధన చేసిన ముఖం, బేరం లేని చోట కూడా అలాగే ఉండిపోతుంది.

ఇంట్లోవాళ్ల పనికి ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్న సామెత ఉండనే ఉంది.

ఇంకొక కారణం ఎవరూ పైకి చెప్పరు. మా దూరపు బంధువు ఒకావిడ నా అల్లికలు చూసినప్పుడల్లా మాట మార్చేసేది. గిట్టదేమో అనుకున్నాను. ఒకసారి వాళ్లింట్లో దుప్పటి కోసం బీరువా తీస్తే అడుగు అరలో చెక్క ఫ్రేముకు బిగించిన గుడ్డ కనిపించింది. సగం నెమలి. ఈకలు కాడ కుట్టుతో ఎంతో నేర్పుగా కుట్టి ఉన్నాయి, కాళ్లు మాత్రం పెన్సిలు గీతలే. సూది ఇంకా గుడ్డకే ఉంది, తుప్పు పట్టి. పెళ్లికి ముందు మొదలుపెట్టిందట. నా పని చూసినప్పుడల్లా ఆమెకు కనిపించేది ఆ నెమలి అని అప్పుడు అర్థమైంది. మీ మౌనం ఇలాంటిదైతే తప్పేమీ లేదు, "నేనూ ఒకప్పుడు కుట్టేదాన్ని" అనండి చాలు. ఎదుటివాళ్లు మిగతాది అడుగుతారు.

2. రెండు చేతులతో పట్టుకోండి, తిరగేయండి

ఫోను తీసి ఫొటో కొట్టడం తరువాత. ముందు వస్తువును వెలుతురు వైపు తిప్పి, వెనక వైపు చూడండి. ఎంబ్రాయిడరీలో నేర్పంతా వెనకే తెలుస్తుంది: దారం ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు గంతులు వేసిందా, ముడులు ఎక్కడ దాచారు, కొసలు ఎలా ముగించారు. పోచంపల్లి చీర అయితే రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన గుడ్డకు వెనక రంగు పలచబడుతుంది. పోచంపల్లిలో నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచుతారు కాబట్టి బొమ్మ దారంలోనే ఉంటుంది.

ఈ సంగతి తెలియని రోజుల్లో ఒక మేళాలో నేను ఒక నేత కార్మికుడితో "అంచుల దగ్గర రంగు చెదిరినట్టుందే?" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. కట్టు విప్పిన దారాలు మగ్గం మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయనీ, ఆ ఈకల్లాంటి అంచే చిటికి పనికి గుర్తనీ, గీత గీసినట్టు నిక్కచ్చిగా ఉంటే అనుమానించాలనీ చెప్పాడు. తప్పుగా అడిగిన ప్రశ్నే అయినా, ఎక్కడ చూశానో చెప్పే ప్రశ్న కాబట్టి జవాబు వచ్చింది. ‘బాగుంది’ అని ఉంటే చీర మడిచేసేవాడు.

3. ఒక్క చోటు పట్టుకుని అడగండి

మొత్తం గురించి మాట్లాడబోతే ఎవరికైనా ‘అద్భుతం’ తప్ప మాట దొరకదు. మీ కన్ను మొదట ఎక్కడ ఆగిందో అదే చెప్పండి. "ఈ మూల తిరిగే చోట ముడత రాలేదేం?" "ఈ రెండు ఆకుపచ్చలు వేరువేరా?" శ్రీకాళహస్తి కలంకారీ ముందు నిలబడితే "ఈ నలుపు ఎలా వచ్చింది?" అని అడిగి చూడండి. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టిన సంగతి, గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచిన సంగతి, వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం చేసిన సంగతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మీకు ఏమీ తెలియకపోవడం ఇక్కడ లాభమే.

కొన్ని ప్రశ్నలు మాత్రం అలవాటుగా నోట్లోంచి జారతాయి, వాటిని పట్టి ఆపాలి. మగ్గం వర్క్ జాకెట్టు కనిపించగానే "ఎంతయింది?" అంటాం. చేసిన మనిషే ఎదురుగా ఉన్నప్పుడు అది చివరి ప్రశ్న కావాలి. "ఇలాంటివి బజార్లో 300కే దొరుకుతున్నాయి" అనేది ఏ వరుసలోనూ రాకూడదు. "నాకూ ఒకటి చేసిపెట్టవా?" అన్నది మెచ్చుకోలు అనుకుంటారు చాలామంది. వినేవాళ్లకు అది కూలి లేని ఆర్డరు.

"ఎన్ని రోజులు పట్టింది?" అన్నదానిలో దోషం లేదు గానీ, దాని వెనకే "నీకు ఓపిక ఎక్కువమ్మా, ఖాళీ కూడా ఉండాలిలే" అని వస్తుంది చూడండి, అది గుచ్చుకుంటుంది. ఈ ‘ఖాళీ’ అన్న మాట చిన్నది కాదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులతో మొదలైందని చెబుతారు. తరతరాలుగా ఆ లేసు విదేశాలకు వెళ్తోంది. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ వంట అయ్యాక అరుగు మీద కూర్చుని చేసే పని కదా అని, అల్లే స్త్రీలను చాలాకాలం పనివాళ్ల లెక్కలోకే తీసుకోలేదు. ఖాళీ సమయపు పని అనుకున్నచోట కూలి కూడా అలాగే ఉంటుంది.

దాని బదులు చేతుల గురించి అడగండి. "ఇంతసేపు అల్లితే మెడ పట్టేయదా?" పోచంపల్లి చీరకు దారాన్ని వరుస మేకుల చుట్టూ తిప్పే ఆసు పనిలో, ఒక్క చీరకే చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసే తల్లి భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చీరను చూసినవాళ్లు ఎందరో ఉండగా, ఆయన చూసింది భుజాన్ని.

4. లోపం కనిపిస్తే చెప్పాలా?

నా లెక్క ఒకటే: విప్పగలిగేదైతే చెప్పండి, విప్పలేనిదైతే ఊరుకోండి. క్రోషేలో ఒక కొస లాగితే వరుసలకు వరుసలు వచ్చేస్తాయి, కాబట్టి "అయిదో వరుసలో ఒక కన్ను తప్పినట్టుంది" అంటే మేలు చేసినట్టే. ముగ్గు చెరిపి దిద్దుకోవచ్చు. కత్తిరించిన జాకెట్టు గుడ్డకు, గుడ్డ మీద ఆరిపోయిన కలంకారీ గీతకు ఆ వెసులుబాటు లేదు. ఇక పెళ్లిలో బహుమతిగా ఇచ్చేసిన వస్తువు మీద వంకలు తీయడం ఎందుకు? "ఇంకా పని ఉందా, అయిపోయిందా?" అని ముందు అడిగితే ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది.

5. వాడాక మళ్లీ చెప్పండి

ఇచ్చిన రోజు మాటలు మర్యాద కోసం కూడా ఉంటాయి. ఆరు నెలల తరువాత "ఆ సంచి పిడి ఇంకా సాగలేదు, వారం వారం కూరగాయలు మోస్తున్నాం" అని ఒక ఫోను చేస్తే, అది మర్యాద కాదని ఎవరికైనా తెలుస్తుంది.

6. చేసేవాళ్లు మీరే అయితే

మనమే ఎదుటివాళ్ల నోరు కట్టేస్తాం. "ఏదో తోచక చేశాను" అని ముందే అనేస్తే, వాళ్లు "అబ్బే, బాగానే ఉంది" అనడం తప్ప ఇంకేం చేస్తారు? "ఎలా ఉంది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మన భాషలో ఒకటే జవాబు. చిన్న పని అప్పజెప్పండి.

మా పిన్ని నా అల్లికలను పదేళ్లు ‘బాగుంది’తోనే సాగనంపింది. పోయిన వేసవిలో ఒక టేబుల్ గుడ్డకు రెండు వైపులా రెండు రకాల అంచులు అల్లి, ఆమె ఒళ్లో పరిచి, "ఏది ఉంచను పిన్నీ?" అన్నాను. కళ్లజోడు పెట్టుకుంది. వేలితో రెండంచులూ తడిమింది.

"ఎడమ పక్కదే ఉంచవే. కుడి వైపుది కొంగు కుచ్చిళ్లలా వేలాడుతోంది, గ్లాసు పెడితే తగులుకుంటుంది. అయినా ఈ పువ్వు మధ్యలో బొక్క అంత పెద్దది ఎందుకు వదిలావు?"

ఆ రాత్రే కుడి అంచు విప్పేశాను. పువ్వు సంగతి మాత్రం మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.