జైలులో పంటి వైద్యం: పన్ను పీకడంతో సరిపెట్టకుండా ఏం చేయాలి?

రాజమహేంద్రవరం కేంద్ర కారాగారమైనా, డెల్టాలోని సబ్‌జైలైనా, అక్కడి పంటి వైద్యాన్ని మెరుగుపరచదలచినవారు పరికరాల కొనుగోలుకంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి: రాత్రి పన్ను సలుపుతోందని ఖైదీ చెప్పిన మాట వైద్యుడి దాకా ఎప్పుడు చేరుతోంది? డాక్టరును చూడాలని కోరిన ఖైదీ పేరును వెంటనే జైలరుకు తెలపాలని 1894 నాటి కారాగారాల చట్టం 37వ సెక్షను చెబుతోంది. ప్రతి ఖైదీకి అర్హుడైన దంత వైద్యుడి సేవ అందాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 25వది చెబుతోంది. కాబట్టి ఒక నొప్పి బిళ్ళ చేతిలో పెట్టి పంపేయడం వైద్యం అనిపించుకోదు. బ్యారక్‌లో ఒక పుస్తకం పెట్టి ఫిర్యాదు వచ్చిన తేదీ, వైద్యుడు చూసిన తేదీ పక్కపక్కన రాయిస్తే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో దానంతటదే బయటపడుతుంది.

కొత్తగా వచ్చిన ఖైదీకి చేసే వైద్య పరీక్షలో నోటినీ చేర్చాలి. దానికి టార్చిలైటు, నాలుకను అదిమిపట్టే చెక్కపుల్ల చాలు. లంక పొగాకు చుట్టలు, ఖైనీ, గుట్కా అలవాటున్న ప్రాంతం మనది కనుక ఈ పరీక్షను మొక్కుబడిగా చేయకూడదు. ఖైదీని తన చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోమనాలి. మూడూ పట్టకపోతే, లేదా బుగ్గ లోపల తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే, నోటి క్యాన్సరు అనుమానంతో పెద్దాసుపత్రికి పంపాలి. దవడ వాపు మెడకు దిగి, జ్వరంతో మింగడం కష్టమైతే ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఎస్కార్టు పోలీసులు తెల్లవారాక వస్తారని ఆగకుండా ఆ రాత్రే తరలించాలి.

చికిత్సలో పెద్ద చిక్కు వాయిదాలది, బెయిళ్ళది. రూట్ కెనాల్ సగంలో ఉండగా ఖైదీ వెళ్ళిపోవచ్చు కనుక పన్ను తీసేయడమే సులువనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి దవడ పన్నును ఆ కారణంతో తీసేయడం అన్యాయం. పుచ్చు నరం దాకా పోకపోతే, చేతి పరికరాలతో మెత్తటి భాగం గీకి గ్లాస్ అయానమర్ సిమెంటుతో ఒక్క విడతలో పూడ్చవచ్చు. డ్రిల్లు, కరెంటు అక్కరలేదు. సబ్‌జైలుకు సరిగ్గా సరిపోయే పద్ధతి ఇదే. భీమవరం, రాజానగరంలలో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి కనుక, వాటి ప్రజారోగ్య విభాగాలతో నెలకొకసారి వచ్చేలా రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం మేలు. ఏడాదికొక శిబిరం పెట్టి ఫోటోలు దిగితే ఎవరి పన్నూ నిలవదు. ఇక పరికరాలను నీళ్ళలో మరిగిస్తే సరిపోదు. హెపటైటిస్-బి సోకకుండా ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) తప్పనిసరి.

రిమాండుకు వచ్చినవారి దగ్గర ఆ పూట బ్రష్షు కూడా ఉండదు. భద్రత భయముంటే పొట్టి పిడి బ్రష్షు, దానితో ఫ్లోరైడ్ పేస్టు మొదటిరోజే ఇవ్వాలి. వేపపుల్ల, పళ్ళపొడి మానమనక్కరలేదు గానీ అవి ఫ్లోరైడ్‌కు బదులు కావు.

ఎన్నిసార్లు అడిగినా వైద్యం అందకపోతే కుటుంబసభ్యులు ముందు సూపరింటెండెంటుకు అర్జీ ఇచ్చి నకలుపై రసీదు ముద్ర వేయించుకోవాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు కనుక, ఆ నకలుతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.