ఒంగోలు గిత్త తోలు ఒలిచే ముందు: తొలిసారి టాక్సిడెర్మీకి (చనిపోయిన జంతువు తోలును బొమ్మకు తొడిగి బతికున్నట్టు నిలబెట్టే పనికి) పూనుకునేవారికి జాగ్రత్తలు

మొన్నటి రోహిణి కార్తెలో గుంటూరు దగ్గరి ఒక ఊరి నుంచి, బండలాగుడు పోటీల్లో పేరు తెచ్చుకున్న ఒంగోలు గిత్త తోలును నా దగ్గరకు తెచ్చారు. రాత్రి ఒలిచి, మడిచి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ఉప్పు సంగతి తెల్లవారాక చూద్దామనుకున్నారు. మధ్యాహ్నం నేను విప్పి మూపురం మీద బొటనవేలితో నిమిరితే తెల్లని వెంట్రుకలు కుదుళ్లతో సహా వేలికి అంటుకుని వచ్చాయి. బిడ్డలా సాకిన ఆ గిత్తను వాకిట్లో మళ్లీ నిలబెట్టుకోవాలన్న ఇంటి పెద్దాయన కోరిక అక్కడితో ముగిసింది.

కత్తి పదును, చేతి తొడుగుల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పదలచింది ఒక్కటే: ఉప్పు పట్టించకుండా తోలును మడవకండి. మెడ, మూపురం దగ్గర తోలు మందంగా ఉంటుంది కాబట్టి మడతలో ఒంటి వేడి గంటల తరబడి నిలుస్తుంది. ఆ వేడిలో పెరిగే సూక్ష్మజీవులు వెంట్రుకల కుదుళ్లను వదులు చేస్తాయి. ఒకసారి కుదురు వదులైతే ఆ తర్వాత ఎంత మంచి చర్మశుద్ధి చేసినా ప్రయోజనం ఉండదు.

పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే అది దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) కావచ్చు. కత్తి పెట్టకుండా పశువైద్యుడిని పిలవండి, ఎందుకంటే కళేబరాన్ని కోస్తే గాలి సోకిన క్రిములు సిద్ధబీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. అడవి జంతువైతే, దానంతట అది చనిపోయి కనిపించినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. తాకకుండా అటవీశాఖకు తెలపండి.

ఒలవక ముందే ముట్టె నుంచి కంటి మూల వరకు, మెడ చుట్టు, ఛాతీ చుట్టు కొలతలు రాసుకోండి. లోపల పెట్టే బొమ్మకు ఆధారం ఆ అంకెలే. ఒలిచాక మాంసం, కొవ్వు పూర్తిగా గీకేయండి, కొవ్వును దాటి ఉప్పు లోపలికి దిగదు. చెవులను చివరిదాకా తిరగేసి మృదులాస్థి నుంచి తోలు విడదీయండి; పెదవులు, కనురెప్పలు, ముట్టె లోపలివైపు చీల్చి పలచన చేయండి. తొలిసారి చేసేవారి తోలు సాధారణంగా మొదట పాడయ్యేది అక్కడే. మెత్తని ఉప్పే వాడండి, రాళ్ల ఉప్పు మూలల్లోకి చేరదు. 30 కిలోల తోలుకు కనీసం 15 కిలోలు వేయండి. నీరు జారేలా వాలుగా పరచండి. మరుసటి రోజు తడి ఉప్పు దులిపి కొత్తది వేయండి. దులిపిన ఉప్పు మళ్లీ వాడకండి. ఎండలో ఆరబెట్టకండి. ప్లాస్టిక్‌లో చుట్టకండి. ఉప్పు పట్టని తోలును ఒక్క గంట కూడా మడిచి ఉంచకండి. ఉప్పు బస్తాలు ఇంటికి చేరాకే కత్తి పట్టండి.