పాస్‌వర్డుల భద్రత, 4వ పాఠం: ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరవకండి

ఈసారి రెండంచెల తాళం (పాస్‌వర్డుతో పాటు రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) గురించి చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి పని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మధ్యలో ఆగిపోయారు. కొందరికి ఉన్న పాస్‌వర్డులు కూడా పోయాయి. వాళ్ళను అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

పోయినసారి చేసిన పని ఒక్కటే. క్రోమ్ బ్రౌజర్ దాచిపెట్టిన పాస్‌వర్డులన్నిటినీ సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసి (దీన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు), పాస్‌వర్డులను తాళం వేసి దాచే ప్రోగ్రాం కీపాస్‌ఎక్స్‌సీలోకి ఎక్కించాం (ఇది ఇంపోర్ట్). ఎక్కించాక ఫైలు తీసేసి, క్రోమ్‌లో ఉన్నవి చెరిపేయండని ఒక్క వాక్యంలో తేల్చేశాను. గొడవంతా ఆ వాక్యం దగ్గరే వచ్చింది.

ముందు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రైతు సంగతి చెప్తాను. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశారు.

"ఏవండీ, మీరు రాసినట్టే చేశానండి. అన్నీ ఎక్కాయండి. మెయిల్ తెరుచుకుంటోంది. చెరువు గట్టు మీద కెమేరాది మాత్రం తప్పంటోందండి, ఇంట్లో వైఫైదీ తప్పేనంటండి."

"మధ్యలో ఆ ఫైలును ఎక్సెల్‌లో గానీ తెరిచారా?"

"ఆయ్. సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని తెరిచానండి. గడులు ఇరుకుగా ఉంటే కాస్త వెడల్పు చేసి సేవ్ కొట్టానండి."

జబ్బు అక్కడుంది. ఈ ఒక్క విషయం మీద ఈవారం నాకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి, అందుకే దీన్ని సాగదీసి చెప్తున్నాను, ఓపిక పట్టండి.

సీఎస్‌వీ అంటే ఉత్త అక్షరాల ఫైలు. ఒక్కో ఖాతాకి ఒక్కో వరుస. వరుసలో సైటు పేరు, దాని చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు, ఏదైనా గమనిక రాసుకుంటే అదీ, మధ్యలో కామాలతో ఉంటాయి. దాని మీద రెండుసార్లు నొక్కితే చాలా కంప్యూటర్లలో ఎక్సెల్ తెరుచుకుంటుంది. ఎక్సెల్ లెక్కల కోసం పుట్టింది. గడిలో అంకెలు కనిపిస్తే దాన్ని సంఖ్య అనుకుంటుంది, తారీఖులా కనిపిస్తే తారీఖు అనుకుంటుంది. పాస్‌వర్డు అనే సంగతి దానికి తెలియదు.

ఆ రైతు కెమేరాకి పెట్టుకున్న పాస్‌వర్డు వాళ్ళ పాత ల్యాండ్‌లైన్ నంబరు, ముందు ఎస్‌టీడీ కోడుతో సహా. భీమవరం కోడు 08816. సంఖ్యకి ముందు సున్నాకి విలువ లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తీసేసి 8816 తో మొదలుపెట్టింది. సేవ్ కొట్టగానే ఫైల్లోనూ సున్నా పోయింది. కీపాస్‌ఎక్స్‌సీలోకి సున్నా లేని పాస్‌వర్డే ఎక్కింది. కెమేరా తప్పు అనక ఏం చేస్తుంది?

వైఫైకి పెట్టినది ఆధార్ నంబరు, 12 అంకెలు. ఇది ఇంకా ఘోరం. మామూలు గడిలో ఎక్సెల్ 11 అంకెల దాకానే పూర్తిగా చూపిస్తుంది, 12 అయ్యేసరికి కుదించేస్తుంది. మొదట ఒక అంకె, ఒక చుక్క, మరికొన్ని అంకెలు, ఆ తర్వాత ఇంగ్లీషు ఈ అక్షరం, కూడిక గుర్తు, 11. గడిని ఎంత వెడల్పు చేసినా అలాగే ఉంటుంది. సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు కంటికి ఎలా కనిపిస్తోందో అలాగే రాస్తుంది, కాబట్టి మిగతా అంకెలు ఆ ఫైల్లో ఇక ఎక్కడా ఉండవు. తిరిగి తెచ్చుకునే దారి లేదు. (అసలు ఆధార్ నంబరును పాస్‌వర్డుగా పెట్టకండి. సిమ్ కొన్న కొట్టు నుంచి లాడ్జి దాకా దాని జెరాక్సు ఇవ్వని చోటు లేదు.)

మూడోది ఆయనది కాదు, ముమ్మిడివరం వైపు లంకలో ఉండే ఒక పెద్దాయనది. 1986 ఆగస్టు వరదను మా వైపు ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మరపు రాదు కదా అని, ఇంగ్లీషులో ఆగస్టుకి మూడక్షరాలు, ఒక అడ్డగీత, ఆపైన 1986 అని ఒక పింఛను ఖాతాకి పెట్టుకున్నారు. ఎక్సెల్ దాన్ని తారీఖు చేసేసి, 19 ఎగరగొట్టి 86 మిగిల్చింది. ఆయన మూడుసార్లు కొట్టారు, ఖాతా తాళం పడింది.

ఇంకా ఉన్నాయి. ఫోన్ నంబరుకి ముందు ప్లస్ గుర్తు పెట్టి 91 రాస్తే ప్లస్ పోతుంది. సమానం గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డును సూత్రం అనుకుని లెక్క కట్టబోయి, తప్పు అని గడిలో రాస్తుంది. గమనికలు తెలుగులో రాసుకున్నవాళ్ళకి చాలాసార్లు ఆ గమనికంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. వీటిలో ఏదీ గట్టిగా చెప్పి చేయదు. కొత్త ఎక్సెల్‌లో మార్చబోయే ముందు అడిగే ఏర్పాటు వచ్చింది, అయినా దాన్ని నమ్ముకోవద్దు. అడిగినప్పుడు చదవకుండా సరే అని నొక్కేస్తాం.

కాబట్టి ఆ ఫైలును తెరవకండి. చూసి తీరాల్సిందే అనుకుంటే, ఫైలు మీద కుడి బటన్ నొక్కి ఓపెన్ విత్ అని ఉన్నచోట నోట్‌ప్యాడ్ ఎంచుకోండి, చూడండి, సేవ్ చేయకుండా మూసేయండి. నిజానికి ఆ అవసరం కూడా లేదు. కీపాస్‌ఎక్స్‌సీలో ఇంపోర్ట్ చేసేటప్పుడు కింద ఒక పట్టిక కనిపిస్తుంది, ఏ నిలువు వరుస ఎక్కడికి వెళ్తోందో అందులోనే చూసుకోవచ్చు. మొదటి వరుస శీర్షికలని చెప్పే పెట్టెలో టిక్కు పెట్టండి, యూజర్ పేరు యూజర్ పేరులోకి, పాస్‌వర్డు పాస్‌వర్డులోకి వెళ్తున్నాయో లేదో సరిచూడండి. అంతే.

ఎక్సెల్‌లో సేవ్ కొట్టేసినవాళ్ళు గాభరా పడకండి. క్రోమ్‌లో ఇంకా చెరపకపోతే ఏమీ పోలేదు. పాడైన ఫైలు తీసేసి, కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేసి, తెరవకుండా ఎక్కించండి.

చెరిపేసినవాళ్ళ సంగతే కష్టం. "కంప్యూటర్లోనే కదండీ తీసేశాను, ఫోన్లో ఎలా పోయాయి?" అని రావులపాలెం నుంచి ఒక అమ్మాయి ఏడుపు గొంతుతో అడిగింది. రెండుచోట్లా ఒకే గూగుల్ ఖాతాతో ఉండి, సింక్ (రెండుచోట్లా ఒకేలా ఉంచే ఏర్పాటు) నడుస్తుంటే, ఒకచోట చెరిపింది రెండోచోటా చెరుగుతుంది. ఇది నేను పోయినసారి రాయాల్సిన మాట, రాయలేదు. ఇప్పుడు ఆమెకు మిగిలింది ఒక్కో సైటుకి వెళ్ళి పాస్‌వర్డు మర్చిపోయాను అని నొక్కడమే. అలా చేయాల్సి వచ్చినవాళ్ళు ముందు మెయిల్‌తో మొదలుపెట్టండి, మిగతా సైట్ల లింకులు చాలావరకు మెయిల్‌కే వస్తాయి.

మన కాలువల మీద లాకులు చూసినవాళ్ళకి ఈ వరస వేరే చెప్పక్కర్లేదు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపు వేస్తారు. నీళ్ళు సమానమయ్యేదాకా ఆగుతారు. అప్పుడే ముందు తలుపు తీస్తారు. మన పనిలో నీళ్ళు సమానమవడం అంటే, కీపాస్‌ఎక్స్‌సీలోంచి తీసుకున్న పాస్‌వర్డుతో కనీసం పది ఖాతాల్లోకి నిజంగా లాగిన్ అయి చూడటం. ఆ పదిలో మెయిల్, బ్యాంకు ఉండాలి, అంకెలతో మొదలయ్యే పాస్‌వర్డులన్నీ ఉండాలి. అది అయ్యేదాకా క్రోమ్ జోలికి వెళ్ళకండి.

ఇక ఆ ఫైలు. అందులో తాళం లేదు, ముసుగు లేదు. తెరిస్తే చాలు, మీ ఇంటి గుట్టంతా ఒక్క పేజీలో కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్రోమ్ అడిగేది విండోస్ పిన్ ఒక్కటే. ఆ పిన్ ఇంట్లో పిల్లలకి తెలుసు, కంప్యూటర్ బాగుచేసే కుర్రాడికీ చెప్పి ఉంటారు. అందుకని బ్రౌజర్‌లో దాచుకోవడమే నాకు మొదటినుంచీ నచ్చదు, మూడు పాఠాలుగా అదే చెప్తున్నాను.

తీసేశామని మీరు అనుకున్నా అది నాలుగైదు చోట్ల ఉండొచ్చు. డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది, అందుకే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. డౌన్‌లోడ్స్‌లో, పెన్‌డ్రైవ్‌లో కాపీలు ఉంటాయి. అన్నిటికన్నా నాకు భయం క్లౌడ్, అంటే ఇంటర్నెట్‌లో మన ఫైళ్ళు దాచే చోటు. చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనం చెప్పకుండానే క్లౌడ్‌లోకి కాపీ అయ్యేలా పెట్టి ఉంటాయి. మూడేళ్ళ కిందట నేను డెస్క్‌టాప్ మీద ఈ ఫైలును అరగంట ఉంచాను. ఆ సాయంత్రం మా మేనల్లుడు తణుకు హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, నీ పాస్‌వర్డులన్నీ నా స్క్రీన్ మీద ఉన్నాయి" అన్నాడు. నేను వాడికిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో నా ఖాతా ఇంకా తెరిచే ఉంది. వాడు మంచివాడు కాబట్టి చెప్పాడు. నేను రెండు రాత్రులు కూర్చుని 63 పాస్‌వర్డులు మార్చాను.

అందుకని ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫైలు ఎక్కడ పెట్టాలని అడిగితే, సీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి చేసి అందులో పెట్టండి. పని అయ్యాక ఫోల్డర్‌తో సహా షిఫ్ట్ డిలీట్. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వెతికే చోట సీఎస్‌వీ అని కొట్టి కంప్యూటర్ మొత్తం వెతకండి. క్లౌడ్‌లోకి బ్రౌజర్‌లోంచి వెళ్ళి అక్కడి చెత్తబుట్ట కూడా చూడండి. అక్కడ తీసేసినవి కొన్ని వారాలు అలాగే ఉంటాయి.

ఇరవై లోపు ఖాతాలున్నవాళ్ళకి నా సలహా వేరు. ఎక్స్‌పోర్ట్ మానేయండి. ఒక మధ్యాహ్నం కూర్చుని చేత్తో ఎక్కించుకోండి. ఫైలే పుట్టకపోతే దాన్ని వెతికి చంపే పనే ఉండదు.

ఫైలును వాట్సాప్‌లో తమ్ముడికి పంపి ఎక్కించమన్నవాళ్ళు ముగ్గురు ఉన్నారు. అందరికీ డిలీట్ చేశాం కదా అంటున్నారు. అవతలి ఫోన్లో అది దిగిపోయి ఉంటే మీరు తీసేసినా పోదు. తమ్ముడి మీద అనుమానం అక్కర్లేదు, కానీ ఆ ఫోను ఎవరెవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు. ఆ పాస్‌వర్డులు ఇక మీవి కావు అనుకుని మార్చండి. మెయిల్ ముందు, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మెయిల్‌లో అన్ని పరికరాల నుంచి బయటికి వచ్చే బటన్ కూడా నొక్కండి. ఈలోగా ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి.

కాపీ చేసిన పాస్‌వర్డు పేస్ట్ కావట్లేదని కొందరు అడిగారు. అది చెడిపోలేదు. కీపాస్‌ఎక్స్‌సీ పది సెకన్లకి క్లిప్‌బోర్డును, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటును, తుడిచేస్తుంది. సెట్టింగుల్లో సెక్యూరిటీ అన్నచోట ముప్పై చేసుకోండి. కీపాస్‌ఎక్స్‌సీని తెరిచే ప్రధాన పాస్‌వర్డు మర్చిపోయాం, ఏం చేయాలి అని ఇద్దరు అడిగారు. ఏమీ చేయలేం. దానికి మర్చిపోయాను అనే బటన్ లేదు, నేనే కాదు, తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టమన్నది అందుకే.

ఆ కాగితంతో పాటు డేటాబేస్ ఫైలు (కీపాస్‌ఎక్స్‌సీ మీ పాస్‌వర్డులన్నీ దాచే ఫైలు) కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండాలి, కానీ రెండూ ఒకేచోట ఉండకూడదు. లంకల్లో ఉండేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2022 జులై వరదకి బియ్యం బస్తాలు అటక ఎక్కించి కంప్యూటర్‌ను బల్ల కిందే వదిలేసిన ఇల్లు నాకు తెలుసు. కీపాస్‌ఎక్స్‌సీ డేటాబేస్‌కి తాళం ఉంటుంది, మెరకన ఉన్న చుట్టాలింట్లో దాచినా భయం లేదు. మా కాపీ రాజమండ్రిలో మా అక్కయ్య గారింట్లో పోపులడబ్బా అరలో ఉంటుంది.

ఈ వారం పని

పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. తర్వాత కంప్యూటర్లో ఉన్న అసలు డేటాబేస్ పేరు మార్చి, కీపాస్‌ఎక్స్‌సీకి కనిపించకుండా చేయండి. ఏడు రోజులు పెన్‌డ్రైవ్ కాపీతోనే బతకండి. కొత్త పాస్‌వర్డులు చేర్చినా, పాతవి మార్చినా అందులోనే. రోజూ పొద్దున్న ప్రధాన పాస్‌వర్డును కాగితం చూడకుండా కొట్టండి, లేచి వెళ్ళేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి తెర మూయండి. ఎనిమిదో రోజున పెన్‌డ్రైవ్ కాపీని కంప్యూటర్లోకి తెచ్చి పాతదాని స్థానంలో పెట్టండి, పది ఖాతాల్లోకి మళ్ళీ లాగిన్ అవండి. పదీ తెరుచుకున్నాకే క్రోమ్‌లోవి చెరిపి, పాస్‌వర్డులు దాచమంటావా అని అడిగే మీటను ఆపేయండి.

వచ్చే వారం రెండంచెల తాళం మొదలుపెడతాను. ఫోను, ఛార్జరు, మెయిల్ పాస్‌వర్డు దగ్గర పెట్టుకోండి.