పాత టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ సీళ్లు, ప్యాకింగులు బిగించే విధానం

యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 వంటి పాత బండ్ల ఇంజను విప్పి కట్టేటప్పుడు అందరి దృష్టీ బోరు (సిలిండరు), పిస్టన్, రింగుల మీదే ఉంటుంది. తిరిగే షాఫ్టు చుట్టూ గాలీ ఆయిలూ దాటకుండా ఆపే రబ్బరు రింగులైన ఆయిల్ సీళ్లనూ, రెండు లోహపు భాగాల మధ్య పెట్టే కాగితం లేదా రాగి ప్యాకింగులనూ ఎవరూ పట్టించుకోరు. కానీ టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందుగా పిస్టన్ కింద క్రాంక్ షాఫ్టు తిరిగే క్రాంక్ చాంబరులోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి గురై, ఆ తర్వాతే సిలిండరులోకి వెళుతుంది కనుక, చాంబరు ఎక్కడ గాలి వదిలినా కొత్త పిస్టన్ కూడా ఎక్కువ కాలం నిలవదు. యెజ్డీలో డైనమో వైపు క్రాంక్ సీలు అరిగితే అటునుంచి బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. ఐడ్లింగ్ దానంతటదే పెరుగుతుంది, చివరకు పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ చాంబరులోకి లాగబడి, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ బాక్సులో ఆయిల్ తగ్గుతూ పోతుంది.

యెజ్డీలను తయారు చేసిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1996లోనే మూతపడింది. అందువల్ల కంపెనీ సీలు అంటూ ఎవరైనా పాత డబ్బాలో ఉన్నది చూపిస్తే మురిసిపోకూడదు. విజయవాడ ఎండల్లో రేకుల కప్పు కింద ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు వాడకుండానే గట్టిపడిపోతుంది. సీలు పెదవిని, అంటే షాఫ్టుకు ఆనే లోపలి సన్నని అంచును, వేలితో కొద్దిగా వంచితే మెత్తగా వంగి వెంటనే యథాస్థితికి రావాలి. సన్నని పగుళ్లు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయాలి. పాత సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో అచ్చై ఉంటాయి. ఆ మూడు అంకెలు చెబితే జవహర్ ఆటోనగర్‌లోని బేరింగుల షాపుల్లో అదే కొలతది అడగవచ్చు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి, ధర ఎక్కువైనా క్రాంకుకు విటాన్ అనే రకం రబ్బరు సీలు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అది మామూలు నైట్రైల్ రబ్బరు కంటే వేడికీ ఇంధనానికీ బాగా తట్టుకుంటుంది.

పాత సీలు ఊడదీయక ముందే దాని పెదవి చుట్టూ ఉండే సన్నని స్ప్రింగు ఏ వైపు ఉందో, అది ఎంత లోతున కూర్చుందో ఫోటో తీసుకోవాలి. అయితే గతంలో బిగించినవారు తిరగేసి పెట్టి ఉండవచ్చు కాబట్టి సూత్రం కూడా తెలిసి ఉండాలి: ఏ వైపు ఒత్తిడిని ఆపాలో స్ప్రింగు ఉన్న ముఖం ఆ వైపుకు, అంటే క్రాంక్ చాంబరు వైపుకు ఉండాలి. తర్వాత షాఫ్టు మీద సీలు తిరిగే చోట గోటితో అడ్డంగా గీసి చూడాలి. గోరు గాడిలో తట్టుకుంటే కొత్త సీలు కూడా కారుతుంది. హౌసింగులో చోటు ఉంటే సీలును ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టి, పెదవి అరగని చోట ఆనేలా చూడాలి. లేదంటే లేత్ షాపులో ఆ భాగానికి పలచటి స్లీవ్ (లోహపు తొడుగు) వేయించాలి. బేరింగుకు ఆయిల్ వెళ్లే రంధ్రాన్ని సీలు మూసేయకుండా చూడటం ఇక్కడ అత్యంత ముఖ్యం.

సీలు ఎక్కించడానికి సుత్తితో నేరుగా కొట్టకూడదు. ఇంజను కేసును సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే అల్యూమినియం వ్యాకోచించి, సీలు చేతి ఒత్తిడికే దాదాపు దిగిపోతుంది. మిగిలిన కొంచెం కోసం సీలు బయటి అంచుకు సరిపోయే పైపు ముక్క పెట్టి, నాలుగు వైపులా సమానంగా తట్టాలి. పెదవి వెనుక గాడిలో కాస్త గ్రీజు నింపితే తట్టేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోదు. షాఫ్టు దూర్చే ముందు దాని కీ గాడి మీద, మరల మీద పలచని టేపు చుట్టి ఆయిల్ రాయాలి; పదునైన ఆ గాడి అంచు పెదవిని కంటికి కనబడనంత సన్నగా కోసేస్తుంది.

ప్యాకింగుల విషయంలో అసలు పని బిగించే ముందే ఉంటుంది. పాత కాగితాన్ని థిన్నరుతో నానబెట్టి, చెక్క ముక్కతో గానీ ప్లాస్టిక్ పలకతో గానీ గీకాలి. స్క్రూడ్రైవరు గీత పడిందంటే ఆయిల్ ఆ దారినే పడుతుంది. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, ఆయిల్ వేసి, మూతను తేలికగా తిప్పి రుద్దితే ఎత్తుపల్లాలు మెరుపు తేడాతో బయటపడతాయి. బోరు కింది ప్యాకింగు మందాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. మందం పెరిగితే బోరు పైకి లేచి, పోర్టులు (సిలిండరు గోడలో మిశ్రమం, పొగ వెళ్లే రంధ్రాలు) తెరుచుకునే సమయం మారుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది. తగ్గితే పిస్టన్ హెడ్డుకు మరీ దగ్గరవుతుంది. కనుక పాతదాన్ని మైక్రోమీటరుతో కొలిచి, అదే మందం కాగితం తెచ్చి కోసుకోవాలి. కేసు అంచు మీదే కాగితం పెట్టి సుత్తితో కొట్టి కోసే అలవాటు అల్యూమినియాన్ని నలగ్గొడుతుంది. గీసుకుని కత్తెరతోనూ పంచితోనూ కోయడమే పద్ధతి. రాగి హెడ్ ప్యాకింగును మళ్లీ వాడదలిస్తే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది.

సిలికాన్ గమ్ము పెట్రోలు తగిలే చోట పనికిరాదు. అది ఉబ్బి, తెగి, ముక్కలుగా ఆయిల్ దారుల్లో చేరుతుంది. పెట్రోలుకు తట్టుకునే, గట్టిపడని సీలెంటును కేసు రెండు సగాల మధ్య, అదీ పొరలాగా మాత్రమే రాయాలి. బోల్టులను ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి. అల్యూమినియంలోకి వెళ్లే 6 మి.మీ. బోల్టుకు సుమారు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించితే మరలు ఊడి వస్తాయి.

ఇంజనును ఫ్రేములో ఎక్కించక ముందే పరీక్షించాలి. కార్బొరేటరు దారినీ సైలెన్సరు దారినీ రబ్బరు బిరడాలతో మూసి, ఒక బిరడాలో సన్నని గొట్టం దూర్చి, దానికి రక్తపోటు చూసే పరికరపు బల్బునూ మీటరునూ తగిలించాలి. 300 అంకె వరకు, అంటే సుమారు 6 పి.ఎస్.ఐ. దాకా గాలి నింపి, ఐదారు నిమిషాలు ముల్లును గమనించాలి. ముల్లు దిగిపోతుంటే కేసు అతుకుల మీద, సీళ్ల దగ్గర, ప్లగ్గు చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే లోపం. క్లచ్ వైపు సీలును చూడాలంటే ఆ మూత వేయక ముందే ఈ పరీక్ష చేయాలి. మొదటిసారి నడిపి, ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాత హెడ్ నట్లను మరొకసారి అదే వరుసలో బిగించాలి.