ప్రింటర్ పోకుండా 631 పోర్టు మూయడం: నా అనుభవం

ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న పోర్టులు (ప్రోగ్రాములకు నెట్‌వర్క్ డేటా వచ్చే నంబరు ద్వారాలు) ఎస్‌ఎస్ కమాండ్‌తో చూస్తే, యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) 631 దగ్గర 0.0.0.0 (ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చినా వింటుంది) అని ఉంది. అంటే కేఫ్ వైఫైలో పక్కవాళ్లు కూడా దానికి ప్యాకెట్ పంపొచ్చు. అక్కడ వింటున్నది కప్స్-బ్రౌజ్డ్, లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ అయిన కప్స్‌కి నెట్‌వర్క్ ప్రింటర్లను తనంతట తానే చేర్చే సర్వీసు. 2024 సెప్టెంబరులో బయటపడ్డ లోపం ఇందులోదే: ఎవరు పంపినా నమ్మి నకిలీ ప్రింటర్‌ని చేర్చేసేది. దానికి ప్రింట్ ఇచ్చామా, దాడిచేసేవాడి కమాండ్ నడిచేది.

సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసులను నడిపే, ఆపే కమాండ్) తో దాన్ని ఆపి, మళ్లీ మొదలవకుండా డిసేబుల్ చేశాను. నెట్‌వర్క్‌లో పరికరాలను కనిపెట్టే అవాహి సర్వీసును మాత్రం ఉంచాను, డ్రైవర్ అక్కర్లేని కొత్త ప్రింటర్లను కప్స్‌కి చూపించడానికి అది చాలు. తర్వాత ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేశాను. ఉబుంటు దాన్ని ఆఫ్‌లోనే ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. దాని రూల్స్ అవాహి వాడే 5353 పోర్టు మల్టీకాస్ట్‌ను (ఒకేసారి చాలామందికి పంపే సందేశాలను) ముందునుంచే రానిస్తాయి కాబట్టి ఇంటి ప్రింటర్ జాబితాలో అలాగే కనిపిస్తోంది. పాత ప్రింటరైతే ఐపీ అడ్రస్ ఇచ్చి ఒకసారి చేర్చుకోండి.