చిన్ననాటి ఊరికి కారులో వెళ్తున్నారా? పాత దారి పట్టండి

యాభైకి దగ్గరపడ్డాక పుట్టిన ఊరు చూడాలనిపించి బయల్దేరేవాళ్లకు ఒక మాట. మ్యాప్‌లో నేరుగా ఊరి పేరు కొట్టకండి. అది దగ్గరి దారే చూపిస్తుంది, మన జ్ఞాపకాలేమో పాత దారిలో ఉంటాయి. చిన్నప్పుడు బస్సు ఏయే ఊళ్ల మీదుగా వెళ్లేదో గుర్తు తెచ్చుకుని, ఆ ఊళ్లను మధ్యలో స్టాపులుగా పెట్టుకోండి.

మాది రాజమండ్రి. మొదటిసారి మ్యాప్ మమ్మల్ని 2015లో వచ్చిన నాలుగో వంతెన మీదుగా తీసుకెళ్లింది. గోదావరి దాటాం కానీ నాకు ఇంటికొచ్చినట్టు అనిపించలేదు. రెండోసారి కొవ్వూరు స్టాపుగా పెట్టి, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కాం. కింద రైలు వెళ్తుంటే ఆ చప్పుడు వినగానే అమ్మ పర్సులోంచి రూపాయి తీసి నదిలో వేసి దండం పెట్టుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. (ఆ వంతెన మరమ్మతులకు అప్పుడప్పుడూ మూసేస్తారు, ముందు కనుక్కోండి.)

వీలైతే అమ్మానాన్నల్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేయండి. ఇంట్లో ఎంత అడిగినా చెప్పని సంగతులు, ఒక మలుపు కనిపించగానే వాటంతటవే వస్తాయి. బడి చూడాలంటే మాత్రం సెలవు రోజున వెళ్లకండి, గేటుకు తాళం ఉంటుంది. పనిదినం సాయంత్రం, పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళ హెడ్మాస్టరు గారిని అడిగితే మీ పాత తరగతి గదిలో కాసేపు కూర్చోనిస్తారు.