డ్రిఫ్ట్ కారుకు సరైన డిఫరెన్షియల్‌ను ఎంచుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో సార్వా దమ్ము చూసినవారికి, ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ సంగతి కొత్త కాదు. ట్రాక్టరు వెనక చక్రాల్లో ఒకటి ఊబిలో దిగబడి ఉన్నచోటే తిరుగుతుంటే, గట్టినేల మీద ఉన్న రెండోది కదలకుండా నిలిచిపోతుంది. డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కగానే రెండు చక్రాలూ ఒక్కటై ట్రాక్టరు బయటపడుతుంది. కావాలనే వెనక చక్రాలను జార్చుతూ మలుపు తిరిగే డ్రిఫ్ట్ కారుకు కూడా కావలసింది ఈ లాకే. మలుపులో బరువు బయటి చక్రం మీదకు ఒరుగుతుంది, లోపలి చక్రం తేలికపడుతుంది. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది కనుక, తేలికపడిన చక్రం ఎంత మోయగలిగితే బయటి చక్రానికీ అంతే అందుతుంది. లోపలి టైరు పొగలు కక్కుతుంది, కారు తోక మాత్రం జారదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి ఒకేసారి పట్టు వదిలితేనే జారుడు డ్రైవరు చేతిలో ఉంటుంది.

ఎంపికకు ముందు ఒక మాట తప్పక చెప్పాలి. కాలువ గట్ల రోడ్లూ ఏటిగట్లూ ఎంత ఖాళీగా కనిపించినా డ్రిఫ్ట్‌కు పనికిరావు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 184వ సెక్షను ప్రమాదకరమైన డ్రైవింగ్‌నూ, 189వ సెక్షను రోడ్డు మీద పందేలనూ నేరాలుగా పరిగణిస్తాయి, ఆ గట్ల మీద సైకిళ్ల మీద బడికి వెళ్లే పిల్లలుంటారు. మనం కారును ట్రైలరు మీద ఎక్కించి, 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు సర్క్యూట్‌కో, మరో మూసిన ట్రాకుకో తీసుకువెళ్లవలసినవాళ్లం. అంత దూరం వెళ్లాక యాక్సిల్ విరిగితే ఆ రోజంతా పోయినట్లే కనుక, మన ఎంపికలో ధర కన్నా నమ్మకానికి ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

మొదట మీ కారులో ఏముందో తెలుసుకోవాలి. ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, వెనక చక్రాలు రెంటినీ స్టాండ్ల మీదకు ఎత్తి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే అది ఓపెన్ రకమో, ప్లేట్లు లేకుండా గేర్లతోనే పట్టుకునే టార్సెన్ రకమో అయి ఉంటుంది. అదే దిశలో తిరిగితే ప్లేట్ల రకమో, వెల్డింగ్‌తో అతికించినదో అనుకోవచ్చు. పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ తీసుకున్నవారు డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్ వీల్ పరిమాణం కూడా చూసుకోవాలి: చిన్న ఇంజన్లకు 168 మిల్లీమీటర్లది వస్తుంది, బలమైన ఆరు సిలిండర్ల వాటికి 188 వస్తుంది. 168ని బలమైన ఇంజనుకు బిగించి డ్రిఫ్ట్ చేయడం మంచిది కాదు.

తక్కువ ఖర్చుతో అయ్యేది వెల్డింగ్. లోపలి స్టార్ పినియన్లు, సన్ గేర్లు అనే చిన్న పళ్ల చక్రాలను కలిపి అతికిస్తే రెండు యాక్సిళ్లూ ఒకే కడ్డీలా తిరుగుతాయి. నేర్చుకునేవారికి, తక్కువ శక్తి గల ఇంజనుకు ఇది సరైనదే, కానీ పని శ్రద్ధగా జరగాలి. ఆ గేర్ల పైపొర గట్టిపరచిన ఉక్కు కనుక చల్లగా ఉండగా అతికిస్తే అతుకు పక్కనే పగులుతుంది. బేరింగులూ క్రౌన్ వీల్ విప్పి, నూనె మరక లేకుండా కడిగి, సుమారు 200 డిగ్రీల వరకు వేడి చేసి, 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో అతికించి, పొడి ఇసుకలోనో సున్నపు పొడిలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. మన తేమ గాలిలో అసలు ప్రమాదం రాడ్డులోనే ఉంటుంది: విప్పి ఉంచిన పెట్టెలోని రాడ్ల పూత తేమ పీల్చుకుంటుంది, ఆ తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరి, అంతా చల్లారిన గంటల తరువాత కూడా పగుళ్లు తెస్తుంది. నేను మొదటిసారి ఈ పని శ్రావణ మాసపు ముసురులో చేయించాను, రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టారా అని అడగలేదు. మూడో ల్యాపులో అతుకు విడిపోయి, ఆ ముక్క క్రౌన్ వీల్‌కూ దాన్ని తిప్పే పినియన్‌కూ మధ్య పళ్లలో పడి హౌసింగే చిట్లింది. ఆ తరువాత పక్కన నిలబడి చూడకుండా ఎవరిచేతా ఈ పని చేయించలేదు. అతికించిన డిఫరెన్షియల్ ఉన్న కారును రోడ్డు మీద నడపవద్దు. మలుపు తిరిగిన ప్రతిసారీ టైరు ఈడ్చుకుపోతుంది, యాక్సిళ్ల మీద భారం పెరుగుతుంది, తడి రోడ్డు మీద వెనకభాగం చెప్పకుండా జారుతుంది. ట్రాకుకు వెళ్లేటప్పుడు ట్రైలరులో ఒక జత యాక్సిళ్లు అదనంగా ఉండాలి.

స్పూల్ చేసే పనీ ఇదే, కాకపోతే అది ఒకే ముక్కగా తయారైన భాగం కనుక అతుకు భయం ఉండదు. మీ కారుకు దొరికితే వెల్డింగ్ కన్నా అదే మేలు.

డబ్బు సమకూరితే మాత్రం ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కే వెళ్లండి. ఇందులో బలం పడినప్పుడు వాలు గాడుల మీద ప్రెషర్ రింగులు పక్కలకు నెట్టుకుని ప్లేట్లను ఒత్తుతాయి. వన్-వే రకం యాక్సిలరేటరు తొక్కినప్పుడే పట్టుకుంటుంది. టూ-వే రకం తొక్కినా వదిలినా ఒకేలా పట్టుకుంటుంది. వన్ పాయింట్ ఫైవ్ రకం వదిలినప్పుడు కొంచెమే పట్టుకుంటుంది. ఒక వైపు జారుడు నుంచి రెండో వైపుకు మారే క్షణంలో డ్రైవరు యాక్సిలరేటరు వదులుతాడు. అప్పుడు చక్రాలు విడిపోతే కారు తీరే మారిపోతుంది. అందుకే డ్రిఫ్ట్‌కు నేను టూ-వేనే ఎంచుకుంటాను. అదే కారుతో టైమ్ ల్యాపులు కూడా చేసేవారికి వన్ పాయింట్ ఫైవ్ నప్పుతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ఒక చక్రం నేల మీద, ఒకటి గాలిలో ఉంచి, గాలిలోని చక్రం ఎంత బలానికి కదులుతుందో టార్క్ రెంచితో చూసి, తయారీదారు చెప్పిన అంకెతో పోల్చండి; బాగా తక్కువ వస్తే ప్లేట్లు అరిగిపోయాయన్నమాటే.

టార్సెన్ రకం రోడ్డు మీద ఎంతో హాయిగా ఉంటుంది, కానీ ఒక చక్రం పూర్తిగా లేచిపోతే ఓపెన్ దానిలాగే ప్రవర్తిస్తుంది. సిలికాన్ ద్రవంతో నడిచే విస్కస్ రకం వేడెక్కితే నీరసించిపోతుంది. ఈ రెండూ డ్రిఫ్ట్‌కు వద్దు.

తరువాత క్రౌన్, పినియన్ పళ్ల నిష్పత్తి చూడాలి. క్రౌన్ 39 పళ్లు, పినియన్ 10 పళ్లు ఉంటే 3.9. మూడో గేరు నిష్పత్తి 1.37, టైరు 205/55 ఆర్ 16 అనుకుంటే 6000 ఆర్‌పీఎం దగ్గర చక్రం వేగం గంటకు సుమారు 134 కిలోమీటర్లు, 4.4కు మారిస్తే అది 119కి దిగుతుంది. శక్తి తక్కువైన కారు మూడో గేరులో నీరసిస్తుంటే, ఇంజను మీద ఖర్చు పెట్టే ముందు ఈ మార్పు చేసి చూడండి.

కొత్త ప్లేట్లను సర్దుబాటు చేయడానికి రైస్ మిల్లు యజమాని అనుమతితో ఖాళీగా ఉన్న సిమెంటు కళ్లం చాలు. లైసెన్సు పరీక్షలో లాగా నెమ్మదిగా 8 వేస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ తిప్పి, ఆ నూనె పూర్తిగా పారబోసి, తయారీదారు చెప్పిన గేర్ ఆయిల్ నింపాలి. వానాకాలంలో ట్రైలరు నీళ్లలోంచి వచ్చినా, కారు కడిగినా హౌసింగ్‌లోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం దగ్గర ఒకసారి ఆగండి. వేడిగా ఉన్న హౌసింగ్ మీద నీళ్లు పడితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టంలోంచి నీటిని పీల్చుకుంటుంది, నూనె పాలలా తెల్లబడుతుంది. అలా కనిపిస్తే నూనె మార్చి, గొట్టాన్ని డిక్కీ ఎత్తు వరకు పొడిగించి కట్టేయండి.